ఇన్సులిన్‌కు లొంగని పిల్లి షుగర్

నమస్కారం. రెండు పూటలా పిల్లికి ఇన్సులిన్ వేస్తున్నవాళ్లే ఇక్కడ ఎక్కువమంది కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. డోసు పెంచుతున్నా దాహం తీరక, లిట్టర్ ట్రే తడిపేస్తూనే ఉండే పిల్లి గురించి మాట్లాడుకుందాం.

పూటకు కిలో బరువుకు ఒకటిన్నర, రెండు యూనిట్లు దాటినా షుగర్ దిగకపోతే రెసిస్టెన్స్, అంటే ఒళ్లు ఇన్సులిన్‌కు లొంగకపోవడం, ఉందని అనుమానిస్తాం. నాలుగు కిలోల పిల్లికి 6 నుంచి 8 యూనిట్లన్నమాట. అయితే ముందు సూది సంగతి తేల్చుకోండి. మన మెడికల్ షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్లదీ రెండూ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూతది. 40 మందును నారింజ సిరంజిలో తీస్తే పిల్లికి అందేది సగం కూడా ఉండదు. అటుదిటైతే రెండున్నర రెట్లు వెళ్లి ప్రాణం మీదికొస్తుంది. సూది వేశాక బొచ్చు తడిగా తగిలి ఆస్పత్రి వాసన కొడితే మందు బయటే కారిపోయినట్టు. ఆ పూటకి మళ్లీ వేయకండి, లోపలికి ఎంత వెళ్లిందో తెలియదు.

ఇంకోటి, క్లినిక్‌లో భయానికే పిల్లి షుగర్ పెరుగుతుంది. చెవి అంచున చిన్నగా పొడిచి, ఇంట్లో రెండు గంటలకోసారి చూసి రాసిన కాగితమే నాకు ఎక్కువ పనికొస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా దిగట్లేదంటే కారణం లోపల వెతకాలి. పళ్ల చిగుళ్ల జబ్బు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పాంక్రియాస్ వాపు, దురదకో ఆయాసానికో వేసిన స్టెరాయిడ్, అధిక బరువు. వీటి తర్వాత, చాలామంది పేరే వినని అక్రోమెగలీ. మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ గ్రోత్ హార్మోన్‌ను అతిగా వదులుతుంది, అది ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో 1,221 షుగర్ పిల్లులకు ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే రక్తంలో పెరిగే పదార్థం) రక్తపరీక్ష చేస్తే, 26 శాతం పిల్లుల్లో అది మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములు దాటింది, అంటే అక్రోమెగలీని గట్టిగా అనుమానించాల్సిన స్థాయి. అరుదైన జబ్బని పక్కన పెట్టడానికి వీల్లేదని నేను గట్టిగా అనేది అందుకే.

షుగర్ అదుపులో లేని పిల్లి చిక్కిపోవాలి. అక్రోమెగలీ ఉన్న పిల్లి మాత్రం బరువెక్కుతుంది, ఎంత పెట్టినా ఆకలే. పాత ఫోటో పక్కన పెట్టి చూడండి: ముఖం వెడల్పై, కింది దవడ ముందుకొచ్చి, పంజాలు పెద్దవై ఉంటాయి. గురక కూడా పెడుతుంది. చాలావాటిలో ఈ మార్పులేవీ కనపడవు, అందుకే రక్తపరీక్ష అడగండి. ఇన్సులిన్ మొదలెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలైతేనే ఫలితం నమ్మదగినది.

గడ్డ తీసే ఆపరేషన్, రేడియేషన్ విదేశాల్లో కొన్నిచోట్ల చేస్తున్నారు. అవి అందని చోట డాక్టరుగారి పర్యవేక్షణలో పెద్ద డోసుతోనే పిల్లిని సుఖంగా ఉంచొచ్చు. డోసు పెద్దదైందని మీరేదో తప్పు చేశారని కుమిలిపోకండి. కానీ ఇన్సులిన్ అవసరం ఒక్కోసారి ఉన్నట్టుండి తగ్గిపోతుంది, కాబట్టి ఇంటి రీడింగులు మానొద్దు. పిల్లి తూలినా, పిలిస్తే పలకకపోయినా వెంటనే చిగుళ్లకు తేనె రాసి, డాక్టరుకు ఫోన్ చేయండి.

పెరుగన్నం, పాలన్నం మాన్పించాలి. పిల్లి ఒళ్లు మాంసానికే పుట్టింది. అయితే పెద్ద డోసు మీద ఉన్న పిల్లికి ఇవాళే అన్నం ఆపేయకండి, షుగర్ దబ్బున పడిపోతుంది. తిండి మార్చే రోజు, డోసు తగ్గించే రోజు రెండూ డాక్టరుగారితో కలిసి నిర్ణయించుకోండి.