బండి బరువును తిట్టే ముందు సీటు ఎత్తు చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలచుకోవాలి గానీ, సమయం తక్కువ. నేరుగా విషయంలోకి వస్తాను.

సైకిల్ తొక్కడం కష్టంగా ఉందంటే చాలు, “బండి బరువండీ” అంటారు. ఆ ఒక్క మాటతో ఎన్ని మంచి సైకిళ్లు మూలన పడ్డాయో తలచుకుంటే బాధేస్తుంది. లెక్క చూద్దాం. మనిషి 70 కిలోలు, సైకిల్ 15 కిలోలు, మొత్తం 85. బండిలో 3 కిలోలు తగ్గించారనుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడు మీ శ్రమలో ఆదా అయ్యేది మూడున్నర శాతం. చదును రోడ్డు మీద, గంటకు 15 కిలోమీటర్ల వేగంలో, ఒక వాట్ కూడా మిగలదు. గాలి సరిగా ఉన్న మామూలు టైర్లు అదే వేగంలో సుమారు 20 వాట్లు తింటాయి. గాలి తగ్గి మెత్తబడితే ఆ ఖర్చు రెట్టింపు కావచ్చు. ఇప్పుడు చెప్పండి, ముందు చూడాల్సింది తూకమా, పంపా?

టైరు నేలను తాకిన చోట అణిగి, దాటగానే విచ్చుకుంటుంది. అణగడానికి పోయిన శక్తి పూర్తిగా తిరిగి రాదు, కొంత రబ్బరులోనే వేడైపోతుంది. గాలి తగ్గేకొద్దీ అణుగుడు పెరుగుతుంది. పంక్చర్ లేకపోయినా ట్యూబ్ లోంచి గాలి నెమ్మదిగా పోతూనే ఉంటుంది కనుక వారానికోసారి చూసుకోండి. ఎంత కొట్టాలో టైరు పక్కన ముద్రించే ఉంటుంది. బొటనవేలితో నొక్కి అంచనా వేయకండి, మీటరున్న పంపు వాడండి. అలాగని మితిమీరి బిగించినా నష్టమే. గతుకుల మీద బండి ఎగిరెగిరి పడి, ముందుకు పోవాల్సిన శక్తి ఒళ్లు కుదపడానికి పోతుంది.

చైన్ గురించి రెండు మాటలు. శుభ్రంగా, నూనెతో ఉన్న చైన్ మీ కాలి శక్తిలో 95 శాతానికి పైగా చక్రానికి చేరవేస్తుంది. ముందు పొడిగుడ్డతో తుడవండి. ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క వేసి, పెడల్ వెనక్కి ఒక నిమిషం తిప్పి, పైనున్న నూనెంతా తుడిచేయండి. పైన మిగిలిన నూనె దుమ్మును పట్టి, పిన్నుల్ని అరగదీస్తుంది. ఒక పిన్ను నుంచి దాని తర్వాతి 24వ పిన్నుకు దూరం కొత్త చైన్‌లో 304.8 మిల్లీమీటర్లు. అది ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగితే చైన్ మార్చండి. మూడు పెరిగేదాకా ఆగితే పళ్లచక్రాలూ మార్చాల్సి వస్తుంది.

ఇక సీటు. నా అసలు గోడు ఇదే. రోడ్డు మీద ఎవరిని చూసినా మోకాళ్లు పొట్టకు తగిలేలా తొక్కుతుంటారు. కూర్చున్న చోటు నుంచే రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు దించేస్తారు. దాంతో మోకాలు ఎప్పుడూ బాగా ముడుచుకునే ఉంటుంది. తొడ కండరం త్వరగా అలసిపోతుంది, మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది. అసలే మన కండరాలు ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కు చేరేది పావువంతు లోపే, మిగతాదంతా ఒంటి వేడి. ఆ పావువంతునూ చేజేతులా తగ్గించుకోవడం ఎందుకు?

దయచేసి ఈ పద్ధతి గుర్తుపెట్టుకోండి. గోడను పట్టుకుని సీటు మీద కూర్చోండి. పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్ మీదికి వస్తుంది కనుక మోకాలు కొద్దిగా వంగుతుంది, అదే కావలసింది. తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగితే సీటు ఎక్కువైనట్టు. అర సెంటీమీటరు చొప్పున మార్చుకుంటూ రండి. ఇంతకు మించి ఎత్తకూడదని సీటు గొట్టం మీద ఉండే గీత మాత్రం బయటికి కనిపించకూడదు, గొట్టం విరగొచ్చు. మరి ఆగేదెలా అంటారా? సీటు మీంచి ముందుకు దిగి ఒక కాలు కింద పెట్టండి. రెండు రోజుల్లో అలవాటవుతుంది.

ఎదురుగాలి సంగతి చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. గాలి వీయకపోయినా, నిటారుగా కూర్చుని 15 వేగంలో పోతే గాలిని తోసుకుపోవడానికి సుమారు 26 వాట్లు కావాలి. 30 వేగానికి ఎనిమిది రెట్లు, అంటే 200 పైనే. సగం సమయంలో చేరతారు కనుక, అదే దూరానికి అయ్యే శక్తి నాలుగు రెట్లు. అందుకే ఎదురుగాలిలో పంతం పట్టకండి. వేగం తగ్గించి, మోచేతులు వంచి, చొక్కా గుండీలు పెట్టుకోండి. ముందు సిగ్నల్ కనిపిస్తే దూరం నుంచే తొక్కడం ఆపండి. 20 వేగంలో ఈ 85 కిలోల్లో 1300 జౌళ్ల శక్తి ఉంటుంది. బ్రేక్ వేస్తే అదంతా రిమ్ములో వేడైపోతుంది.

బయట పంపు, స్పానర్ పెట్టించాను. సైకిల్ మీద వచ్చినవాళ్లు వెళ్లేముందు ముందు చక్రం పైకెత్తి ఒకసారి తిప్పండి. వేగం తగ్గాక చక్రం అటూ ఇటూ ఊగి నిలిస్తే బేరింగులు బాగున్నట్టే. టక్కున ఆగితే బ్రేక్ రబ్బరు రిమ్ముకు రాసుకుంటోందేమో చూడండి. అది సరిచేశాక సీటు దగ్గరికి రండి, ఒక్కొక్కరిదీ చూద్దాం.