బ్రెడ్ కవర్లు వద్దనుకుంటే | ఎడిసన్, న్యూజెర్సీ వ్లాగ్

అందరూ బాగున్నారా అండీ! "అమెరికాలో ఉండి బ్రెడ్ కొనుక్కోలేక ఇంట్లో చేసుకుంటున్నారా?" అని మా పెద్దమ్మ ఫోన్లో ఒకటే అడుగుతోంది. కొనలేక కాదు పెద్దమ్మా, కవర్ల గోల పడలేక.

మా న్యూజెర్సీలో 2022 మే 4 నుంచి షాపుల్లో ప్లాస్టిక్ క్యారీబ్యాగులు బంద్. పెద్ద సూపర్‌మార్కెట్లలో కాగితం సంచి కూడా ఇవ్వరు. రైతుబజారుకి వెళ్లినట్టు ఎవరి సంచి వాళ్లు పట్టుకెళ్లాల్సిందే. తీరా ఆ సంచిలో పడే బ్రెడ్డేమో ప్లాస్టిక్ కవర్లోనే! దాని మూతికి ఇంకో బుల్లి ప్లాస్టిక్ బిళ్ల. ఈ కవర్లు ఇంటి ముందుండే రీసైక్లింగ్ డబ్బాలో వేయకూడదు, వేరుచేసే మెషీన్లకి చుట్టుకుపోతాయి. మన దగ్గర జ్వరమొస్తేనే బ్రెడ్డు. ఇక్కడ పిల్లల లంచ్ బాక్సుకి రోజూ కావాలి.

పిండి మాత్రం కాగితం సంచిలోనే వస్తుంది. 2.27 కిలోలు సుమారు 5 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే ఈస్ట్, నూనె, కరెంటుతో కలిపి ఒక బ్రెడ్డుకి దాదాపు 130 రూపాయలు.

బ్రెడ్ ఫ్లోర్ (బ్రెడ్డు కోసమే అమ్మే, జిగురెక్కువ ఉండే గోధుమ పిండి) 500 గ్రాములు, గోరువెచ్చని నీళ్లు 330, ఉప్పు 10, పంచదార 15, నూనె 25, ఇన్‌స్టంట్ ఈస్ట్ 6. కాటా వాడండి. అదే కప్పులో పిండి వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమితే 150. ఈస్ట్ చిన్న ప్యాకెట్లు కొంటే మళ్లీ ప్లాస్టిక్కే, అందుకే 113 గ్రాముల గాజు సీసా తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ముద్ద మీద క్లింగ్ ర్యాప్ (పల్చటి ప్లాస్టిక్ షీటు) కూడా వద్దు, గిన్నె మీద పళ్లెం మూత చాలు.

అన్నీ కలిపి పది నిమిషాలు బాగా పిసకాలి. కొంచెం ముద్ద తీసి సాగదీస్తే తెగకుండా, వెలుతురు కనిపించేంత పల్చగా రావాలి. చపాతీ పిండితో చేయొచ్చా అంటే, మూడో వంతు దాటనివ్వకండి. మన ఆటాలో తవుడు మెత్తగా నలిగి ఉంటుంది, అది సాగే జిగురుని తెంచేస్తుంది. నీళ్లు కూడా ఎక్కువ లాగుతుంది. బ్రెడ్డు పొంగదు, బరువుగా దిగుతుంది.

చలికాలం ఇంట్లో హీటర్ 20 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే పిండి రెట్టింపవడానికి గంట చాలదు. ఓవెన్ వేయకుండా లోపలి లైటు మాత్రం వెలిగించి అందులో పెట్టండి. పొంగాక ఒత్తి, బిగుతుగా చుట్టి, నూనె రాసిన 9×5 అంగుళాల టిన్నులో అతుకు కిందకొచ్చేలా పెట్టి, మళ్లీ అంచు మీదికి అంగుళం పొంగనివ్వాలి. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా పైకి రావాలి. వెంటనే వచ్చేస్తే ఇంకా ఆగండి. అసలు రాకపోతే ఎక్కువ పొంగిపోయింది, ఓవెన్లో కూలిపోతుంది.

190 డిగ్రీల్లో 35 నుంచి 40 నిమిషాలు. ఇల్లంతా ఘుమఘుమ. మన ఊళ్లో అయితే ఈపాటికి పక్కింటి పిన్నిగారు గుమ్మంలో ఉండేవారు. ఇక్కడ అన్నీ మూసిన తలుపులే. సరే, వేడి మీద మాత్రం కోయకండి, లోపల బంకబంకగా ఉంటుంది. రెండు గంటలు చల్లారాలి.

ఫ్రిజ్‌లో పెడితే తొందరగా గట్టిపడుతుంది. మూడు రోజుల్లో అయిపోదనుకుంటే స్లైసులు కోసి, ఊరి నుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బాలో, మధ్య మధ్య నూలు గుడ్డ మడతేసి ఫ్రీజర్లో పెట్టండి. గుడ్డ వేయకపోతే అన్నీ ఒకదానికొకటి అంటుకుని, అట్లకాడతో పెకలించుకోవాలి.