రెండో గొంతు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, రాత్రి డ్యూటీ ముగించుకొని కునుకైనా తీయకుండా నేరుగా ఈ సభకు వచ్చిన సిస్టర్లకు, నర్సింగ్ విద్యార్థినీ విద్యార్థులకు, ముఖ్యంగా వెనుక వరుసల్లో కూర్చున్న ఆయాలకు, వార్డు బాయ్‌లకు నా నమస్కారాలు. మిమ్మల్ని ముందు వరుసల్లోకి రమ్మని నిర్వాహకులు పిలిచినా మీరు కదల్లేదు. మీ గురించి మాట్లాడడానికే వచ్చాను కనుక, అక్కడికి కూడా వినబడేలా గొంతు పెంచి మాట్లాడతాను.

మే 12న జరిగే నర్సుల దినోత్సవ సభల్లో ఫ్లారెన్స్ నైటింగేల్ చేతిలోని దీపాన్ని తలచుకోవడం మనకు ఆనవాయితీ. నాకు ఆ దీపం మీద కంటే ఆవిడ తయారు చేసిన పట్టికల మీద గౌరవం ఎక్కువ. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు తుపాకీ గుండ్ల వల్ల కంటే నివారించగలిగిన జబ్బుల వల్లే ఎక్కువగా చనిపోయారని ఆవిడ లెక్కలు కట్టి, రంగుల చిత్రాలుగా గీసి, 1858లో పాలకుల ముందు పెట్టారు. సైన్యాధికారులకు రుచించని మాట అది. ఆ మాట నిలబడడానికి లెక్కలు తెలిసిన విలియం ఫార్, మంత్రిగా పనిచేసిన సిడ్నీ హెర్బర్ట్ ఆవిడ పక్కన నిలబడ్డారు. అంతటి మనిషికి కూడా పక్కన ఇంకొక గొంతు అవసరమైందన్న సంగతిని దయచేసి గుర్తుంచుకోండి. నేను ఈ రోజు చెప్పబోయేదంతా దాని గురించే.

"నాయకురాలిగా నా ఎదుగుదల" అనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సునై, నర్సింగ్ సూపరింటెండెంట్‌గా పదవీ విరమణ చేశాను. పదోన్నతుల ఉత్తర్వుల్లో నా ఎదుగుదల అంతే కనిపిస్తుంది. అయితే ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున మనిషి మారదు, టేబులు మాత్రమే మారుతుంది. నాలో మార్పు తెచ్చిన సందర్భాలు వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది, ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, నేను పేరు చెప్పదలచుకోని ఒక ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్‌లో జరిగింది.

కడుపు ఆపరేషన్ అది. కుట్లు వేసే ముందు మాప్‌లు, అంటే రక్తం అద్దే గుడ్డలు, లెక్కపెట్టడం నా బాధ్యత. లెక్కలో ఒకటి తగ్గింది. "ఒకటి తక్కువ వస్తోంది సార్" అన్నాను. "సరిగ్గా లెక్కపెట్టు" అని సర్జన్ గారు కుట్లు మొదలుపెట్టారు. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ ఒకటి తగ్గింది, మళ్లీ చెప్పాను. థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్ నా పక్కనే ఉన్నారు. నా లెక్క సరైనదేనని ఆవిడకు తెలుసు, ఎందుకంటే ఆవిడ కూడా నాతోపాటు లెక్కపెట్టారు. అయినా ఆవిడ తల వంచుకొని ట్రే సర్దుకుంటూ ఉండిపోయారు. అప్పుడు పేషెంటు తల దగ్గర కూర్చున్న, మత్తు ఇచ్చే డాక్టరమ్మ లేచి నిలబడి, "సిస్టర్ రెండుసార్లు చెప్పింది. లెక్క తేలేదాకా నేను పేషెంటును లేపను" అన్నారు. గదిలో అందరూ ఆగిపోయారు. వెతికితే ఆ మాప్ పేగుల మడతల వెనుక దొరికింది.

ఆ తల్లి బతికి, పిల్లలతో ఇంటికి వెళ్లింది. జరిగినది ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఆ వారంలోనే నన్ను థియేటర్ నుంచి జనరల్ వార్డుకు మార్చారు. కారణం అడిగితే పరిపాలనా సౌలభ్యం అన్నారు. అది అన్యాయమని ఆనాడు అనుకున్నాను, ఇప్పుడూ అంటున్నాను. నాకు జరిగిన అన్యాయం చిన్నదే. ఆ గదిలో ఉన్న మిగతా పిల్లలు, నాతోపాటు కొత్తగా చేరినవారు, ఆ బదిలీని చూసి ఏం నేర్చుకొని ఉంటారో తలచుకుంటేనే ఈనాటికీ నాకు బాధ కలుగుతుంది.

ఆ రోజు జరిగిన దానిని నేను ఎన్నో ఏళ్లు మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాను. నేను రెండుసార్లూ ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పాను. రెండుసార్లూ నిజమే చెప్పాను. ఆ నిజానికి విలువ వచ్చింది మాత్రం, నాకంటే పై స్థానంలో ఉన్న ఒక మనిషి దానిని తన నోటితో మళ్లీ పలికినప్పుడు. తలెత్తి మాట్లాడవలసిన ఇన్‌ఛార్జి మౌనంగా ఉన్నారు, మాట్లాడవలసిన అవసరం లేని డాక్టరమ్మ మాట్లాడారు. ఆ గదిలో నాయకత్వం ఎవరిదో నాకు ఆనాడే తెలిసింది. కిందివారు భయపడుతూ చెప్పిన నిజాన్ని పైవారి చెవిన పడేలా రెండోసారి పలకడమే నాయకురాలి మొదటి పని అని నేను నమ్ముతున్నాను.

మా వృత్తిలోనే ఇలా జరుగుతుందని అనుకోకండి. 1977 మార్చి 27న, మంచు కమ్మిన, స్పెయిన్ దీవి టెనెరిఫె విమానాశ్రయంలో రెండు జంబో విమానాలు రన్‌వే మీదనే ఢీకొని 583 మంది చనిపోయారు. ఎగరడానికి పరుగు మొదలుపెట్టిన విమానంలోని ఇంజనీరు, ముందున్న విమానం రన్‌వే ఖాళీ చేసిందా లేదా అని తన సందేహం బయటపెట్టాడు. ఎంతో అనుభవమూ పేరూ ఉన్న కెప్టెన్ ఖాళీ అయిందని గట్టిగా చెప్పాడు. పక్క సీటులోని కో-పైలట్ ఇంజనీరు సందేహాన్ని బలపరచలేదు. మొదటి గొంతు పలికింది, రెండో గొంతు పలకలేదు. ఆ తరువాత విమానయాన సంస్థలు తమ సిబ్బందికి, కెప్టెన్ మాటను ప్రశ్నించడం, ప్రశ్నించినవారిని బలపరచడం కూడా ఒక విద్యగా నేర్పడం మొదలుపెట్టాయి.

వైద్యరంగం ఆ విద్యను ఆలస్యంగా నేర్చుకొంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం ఒక చెక్‌లిస్టు విడుదల చేసింది. కోత పెట్టే ముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలని, పేషెంటు గది దాటే ముందు నర్సు పరికరాల లెక్క, మాప్‌ల లెక్క పైకి చదవాలని అందులో ఉంది. న్యూఢిల్లీతో సహా 8 నగరాల్లోని ఆస్పత్రుల్లో దానిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆపరేషన్ తరువాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, పెద్ద ఇబ్బందులు 11 నుంచి 7కి తగ్గాయి. ఒక కాగితం వల్ల ఇంత మేలు ఎలా జరిగిందని ఆశ్చర్యపోయేవారికి నా జవాబు ఒకటే. ఆపరేషన్‌కు ముందే ఒకసారి తన పేరు పైకి చెప్పుకొన్న నర్సుకు, అవసరమైనప్పుడు రెండోసారి నోరు విప్పడం అంత కష్టం కాదు.

నేను హెడ్ నర్సు అయ్యాక, నా వార్డులో డ్యూటీ మారే వేళ ఒక పద్ధతి పెట్టాను. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి మంచాల మధ్య నిలబడి హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు, అంటే దిగిపోయేవారు వచ్చేవారికి పేషెంట్ల సంగతులు అప్పగించేటప్పుడు, అందరికంటే తక్కువ జీతం వచ్చే మనిషి అందరికంటే ముందు మాట్లాడాలి. ఇన్‌ఛార్జి ముందు మాట్లాడితే ఆ తరువాత అందరూ ఆమె మాటకే వంత పాడతారు. అందుచేత ఆయాతో మొదలుపెట్టి చివరికి నా వంతు వచ్చేది. నా వంతు వచ్చినప్పుడు, వారు చెప్పిన దానిలో నేను చూసి నిర్ధారించుకొన్న విషయాన్ని, చెప్పిన వారి పేరుతో సహా పైకి పలికేదాన్ని. "పదకొండో బెడ్డు ముసలాయన రాత్రి నుంచి మూత్రానికి లేవలేదని ఆయా చెప్పింది, నేను వెళ్లి చూశాను, నిజమే, డాక్టరు గారికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను." ఈ తీరు మొదట్లో కొందరికి వింతగా అనిపించింది. కొందరు డాక్టర్లు నవ్వారు. కొన్ని నెలలకు ఆ డాక్టర్లే రౌండ్స్‌కు రాగానే ఆయా ఏమందని అడగడం మొదలుపెట్టారు.

ఆ పద్ధతి ఎంత గట్టిదో హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజున తెలిసింది. ఈ సంగతి నేను వెళ్లిన ప్రతి చోటా చెబుతున్నానని నా స్నేహితురాళ్లు అంటారు. చెప్పవలసిన సంగతి కనుకనే చెబుతున్నాను, ఈ సభలోనూ చెబుతాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖలో మా ఆస్పత్రి సముద్రానికి దగ్గర. తెల్లవారుజాము నుంచే ఈశాన్యపు గాలి పెరుగుతూ వచ్చింది. పొద్దెక్కేసరికి ఆ వైపు కిటికీల అద్దాలు ఒక్కొక్కటీ పగిలి మంచాల మీద పడసాగాయి. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, జనరేటర్‌ను ముఖ్యమైన యంత్రాలకే వాడుకోవలసి వచ్చింది. ఊపిరి ఆడని ఇద్దరికి మా నర్సు పిల్లలు వంతులవారీగా, చేత్తో గాలి అందించే ఆంబు బ్యాగ్ నొక్కుతున్నారు. ఆ వైపు వార్డులోని పేషెంట్లందరినీ భవనానికి నైరుతి వైపు ఉన్న హాలులోకి చేర్చాము. మధ్యాహ్నం వేళకు గాలి ఒక్కసారిగా నిలిచిపోయింది. వాన వెలిసింది. పేషెంట్ల బంధువులు దేవుడికి దండం పెట్టుకొని బయటికి నడిచారు. డ్యూటీ డాక్టరు గారు, ఎంతో శ్రద్ధ గల యువకుడు, "తుఫాను పోయింది సిస్టర్, కాస్త ఊపిరి తీసుకోండి" అన్నారు.

మా ఆయా జాలారిపేట మనిషి. తండ్రీ అన్నదమ్ములూ చేపల వేటకు వెళ్లే ఇల్లు. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఆకాశం చూసి వచ్చి, "తుపాను ఎల్లిపోనేదు సిస్టరమ్మా. గాలి మల్లుతాది. ఈపాలి ఈ పక్కనించి కొడతాది" అంది. ఈ పక్క అంటే మేము పేషెంట్లను తెచ్చి పెట్టిన పక్క.

డాక్టరు గారు ఆమె మాటను తోసిపుచ్చలేదు కానీ, కదిపితే ప్రమాదమైన పేషెంట్లు ఉన్నారని సందేహించారు. ఆ సందేహం న్యాయమైనదే. నేను ఆయన పక్కకు వెళ్లి, "డాక్టరు గారూ, సముద్రం సంగతి మన ఇద్దరికంటే ఈమెకు బాగా తెలుసు. మంచాలన్నీ లోపలి నడవలోకి మార్పిస్తున్నాను. బాధ్యత నాదేనని రిజిస్టరులో రాస్తాను" అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకొని, తానే మొదటి మంచం పట్టారు. బయటికి వెళ్లిన బంధువులను కేకలు వేసి లోపలికి రప్పించాము. చివరి మంచం నడవలోకి చేరిన కాసేపటికే నైరుతి గాలి విరుచుకుపడి, హాలు కిటికీలను ఫ్రేములతో సహా లోపలికి విసిరింది. మా పేషెంట్లలో ఒక్కరికీ గాజు పెంకు గుచ్చుకోలేదు.

బంగాళాఖాతంలో తుఫానులు అపసవ్య దిశలో తిరుగుతాయి. తుఫాను కన్ను ఊరి మీదుగా దాటేటప్పుడు కాసేపు నిశ్శబ్దంగా ఉండి, ఆ తరువాత గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. వాతావరణ శాస్త్రం చదివినవారికి ఇది పాఠం, జాలారిపేటలో పుట్టినవారికి తండ్రి చెప్పిన జాగ్రత్త. హుద్‌హుద్ కన్ను ఆ మధ్యాహ్నం మన విశాఖ మీదుగానే తీరం దాటింది. ఫోన్లు లేని ఆ వేళ మా భవనంలో ఈ సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె చెప్పగలిగింది ఎందుకంటే, అంతకు ముందు ప్రతి ఉదయం ఆమె చెప్పింది ఎవరో ఒకరు విని మళ్లీ పలికారు. ఆ అలవాటు లేని వార్డులో అదే ఆయా చీపురు పట్టుకొని మౌనంగా ఒక మూల నిలబడి ఉండేది. తుఫాను తరువాత నేను పంపిన నివేదిక ఆమె పేరుతోనే మొదలైంది.

నేను రాసుకొచ్చిన కాగితంలో శిక్షణల గురించి, పరిపాలన గురించి ఇంకా చాలా ఉంది. అవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. మిగిలిన సమయాన్ని నేను అంతకంటే అత్యవసరమని భావించే విషయానికి వాడుకుంటాను.

బోధనాసుపత్రి జనరల్ వార్డుల్లో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, ఇతర ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం చెబుతోంది. రాత్రిపూట వార్డు మొత్తానికి ఒకే సిస్టరు ఉండడం మీరందరూ చూశారు, మీలో చాలామంది ఆ ఒక్క సిస్టరుగా తెల్లవారేదాకా నిలబడ్డారు. పనిభారం గురించి మనం ఎన్నో వినతిపత్రాలు ఇచ్చాము. నేను చెప్పేది దానికి అదనం. ఒక్కరే ఉన్న చోట రెండో గొంతుకు తావే లేదు. మందు మోతాదు మీద సందేహం వచ్చిన అమ్మాయి ఎవరిని అడగాలి? "అవును, నాకూ అలాగే అనిపిస్తోంది" అని ఎవరు అనాలి?

కాంట్రాక్టు మీద పనిచేస్తున్న పిల్లల సంగతి ఇంకా కష్టం. ఏడాది చివర రెన్యువల్ కోసం ఎవరి సంతకం కావాలో, ఆ మనిషి పొరపాటును ఎత్తి చూపమని మనం వారికి చెబుతున్నాము. ధైర్యంగా ఉండమని వేదికల మీద వారికి ఉపన్యాసాలు ఇవ్వడం నాకు మనస్కరించదు. ధైర్యం వారు ఇప్పటికే చూపిస్తున్నారు. పర్మినెంట్ ఉద్యోగంలో ఉండి, జీతానికీ బదిలీకీ రక్షణ ఉన్న మనం వారి మాటను మన మాటగా పలకాలి. హెడ్ నర్సులారా, సూపరింటెండెంట్లారా, ఇది మిమ్మల్నే అడుగుతున్నాను. గత నెలలో మీ కింద పనిచేసే అమ్మాయి చెప్పిన ఏ మాటను మీరు డాక్టరు గారి ముందు మళ్లీ పలికారు? జవాబు ఇక్కడ చెప్పనవసరం లేదు, మీ వార్డుకు వెళ్లి ఆ అమ్మాయికే చెప్పండి.

అధికారులకు నా విన్నపాలు రెండు. మొదటిది, రాత్రి డ్యూటీలో ఏ వార్డులోనూ ఇద్దరికి తగ్గకుండా సిస్టర్లు ఉండాలి. రెండోది, హ్యాండోవర్ రిజిస్టరులో రెండు గడులు చేర్చాలి. సందేహం ఎవరు చెప్పారన్నది ఒకటి, దానిని ఎవరు బలపరిచారన్నది మరొకటి. మొదటి గడి నిండి రెండో గడి ఖాళీగా ఉన్న పేజీలు నెలకొకసారి ఆస్పత్రి సూపరింటెండెంట్ గారి ముందుకు రావాలి. మొదటి గడిలో పేరున్న మనిషిని ఆ కారణంగా బదిలీ చేయకూడదని ఉత్తర్వు ఇవ్వాలి. ఈ రెండో విన్నపానికి అయ్యే ఖర్చు కొత్త రిజిస్టర్లు అచ్చువేయించే ఖర్చు మాత్రమే. ఈ వేదిక మీద ఆ ఉత్తర్వు ఇవ్వగల స్థానంలో ఉన్నవారు ఉన్నారు. నాకు కేటాయించిన సమయంలో ఇంకా కొన్ని నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఆ నిమిషాలను వారి సమాధానం కోసం వదిలి, నేను కూర్చుంటున్నాను.