ముందు రిపోర్టు తెరవండి

శ్రోతలకు నమస్కారం.

కొన్నేళ్ల క్రితం ఒక స్నేహితుడి అప్పుకు జామీను సంతకం పెట్టాను. రెండేళ్ల పాటు అతను వాయిదాలు సక్రమంగానే కట్టాడు. తర్వాత ఉద్యోగం పోయింది, వాయిదాలు ఆగిపోయాయి. అప్పు ఇచ్చినవాళ్ల దగ్గర్నుంచి నాకు ఉత్తరాలు మొదలయ్యాయి. విప్పాలంటే భయమేసి అలాగే డ్రాయర్‌లో పెట్టేశాను. ఆ తర్వాత నా సొంత అవసరానికి లోన్ అడిగితే, "మీ క్రెడిట్ స్కోరు సరిపోదండీ" అన్నారు. జామీను పెట్టిన ఆ అప్పు నా లెక్కలోనూ పడింది. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను.

స్కోరు పడిపోయినవాళ్లు చాలామంది దాన్ని తమ మంచిచెడ్డల మీద వచ్చిన తీర్పులా తీసుకుంటారు. నేనూ అలాగే తీసుకున్నాను. కానీ క్రెడిట్ స్కోరుకు మన నిజాయితీ తెలియదు. ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో తెలియదు. మామూలుగా మన జీతం ఎంతో కూడా దాని లెక్కలోకి రాదు. ఎవరి దగ్గర ఎంత అప్పు ఉంది, ఏ నెల కట్టారు, ఏ నెల కట్టలేదు, దానికి తెలిసింది ఇంతే. ఎప్పటికప్పుడు కొత్త వివరాలు చేరుతుంటాయి కాబట్టి అది మారుతూనే ఉంటుంది. అందుకే దిగులు కాసేపు పక్కన పెట్టి ముందు రిపోర్టు తెరవమంటాను.

స్కోరు వేరు, రిపోర్టు వేరు. స్కోరు ఒక్క అంకె. రిపోర్టులో ఆ అంకె వెనకున్న కథంతా ఉంటుంది. ఇండియాలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలు నాలుగున్నాయి. రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ప్రకారం 2017 నుంచి ఇవి ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అమెరికాలో ఆ హక్కు 2003లో వచ్చిన చట్టంతో దక్కింది. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందని ఒక భయం ఉంది. తగ్గదు. మనం అప్పుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఇచ్చేవాళ్లు చేసే విచారణ వల్లే కొద్దిగా తగ్గవచ్చు.

తెరిచాక ఓపిగ్గా చదవండి. ఎప్పుడో తీర్చేసిన అప్పు ఇంకా బాకీ ఉన్నట్టు కనిపించవచ్చు. మీరు ఎన్నడూ తీసుకోని లోన్ మీ పేరు మీద ఉండవచ్చు. అలాంటివి కనిపిస్తే రసీదులు జతచేసి రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. ఇండియాలో దాన్ని 30 రోజుల్లో పరిష్కరించాలి. అమెరికాలోనూ మామూలుగా గడువు అంతే.

ఇక తప్పు మనదే అయిన చోటికి వద్దాం. అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో స్కోరులో 35 శాతం బరువు సకాలంలో కట్టామా లేదా అన్నదానికి. 30 శాతం ఎంత బాకీ ఉందన్నదానికి. అప్పుల చరిత్ర ఎంత పాతది, ఎలాంటి అప్పులు, కొత్తవి ఎన్ని అన్నవన్నీ కలిపి మిగతా 35. వేరే స్కోర్ల లెక్కలు కొంచెం తేడాగా ఉన్నా, సకాలంలో కట్టడమన్నది ఎక్కడైనా పెద్ద విషయమే. కాబట్టి గడువు దాటిన వాయిదా ఏదైనా ఉంటే ముందు దాని సంగతి చూడాలి. మొత్తం కట్టే స్థితి లేకపోతే అప్పు ఇచ్చినవాళ్లకు మీరే ఫోన్ చేయండి. వాయిదా తగ్గించి గడువు పెంచమని అడగండి. అలా మార్చినట్టు రిపోర్టులో ఎలా నమోదవుతుందో కూడా అప్పుడే అడగండి. వాళ్లు వెతుక్కుంటూ వచ్చే దాకా ఆగితే మాట్లాడే వీలు తగ్గిపోతుంది. డ్రాయర్‌లో ఉత్తరాలు దాచినవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను.

క్రెడిట్ కార్డు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కార్డు లిమిట్ వంద అనుకోండి. అందులో తొంభై వాడేసి నెలనెలా కనీస మొత్తం మాత్రమే కడుతున్నారనుకోండి. ఆలస్యం చేసినట్టు మచ్చ పడదు. కానీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, పైగా లిమిట్ అంచున బతుకుతున్నారని స్కోరు అర్థం చేసుకుంటుంది. వాడకం ముప్పై లోపు ఉంచమని సాధారణంగా చెప్తారు, ఇంకా తక్కువైతే ఇంకా మంచిది. కొన్ని కార్డుల విషయంలో బిల్లు తయారైన రోజున ఉన్న బాకీయే రిపోర్టుకు వెళ్తుంది. చివరి తేదీ దాకా ఆగకుండా, బిల్లు తయారయ్యే ముందే కొంత కట్టేస్తే వాడకం తక్కువగా నమోదవుతుంది. పాత వాయిదాల మచ్చ పోవడానికి ఏళ్లు పడుతుంది కానీ, కార్డు బాకీ తగ్గితే ఆ తేడా ఒకటి రెండు నెలల్లోనే కనిపించవచ్చు. కుంగిపోయిన మనిషికి ఆ చిన్న కదలిక ఎంత ధైర్యమిస్తుందో నాకు తెలుసు. బాకీ తీరిపోయిందని పాత కార్డు వెంటనే మూసేయకండి. మూసేస్తే మొత్తం లిమిట్ తగ్గి, మిగతా కార్డుల మీది బాకీ ఎక్కువగా కనిపిస్తుంది. కానీ దానికి భారీ వార్షిక రుసుము ఉంటే, లేదా చేతిలో ఉంటే ఖర్చు ఆగదనిపిస్తే మూసేయడమే మేలు.

అసలు కార్డే ఇవ్వమంటే, డిపాజిట్ చేసి దాని మీద తీసుకునే కార్డు ఉంటుంది. ఒక చిన్న నెలవారీ బిల్లు దాని మీద పెట్టి, పూర్తి మొత్తం ఆటో డెబిట్‌లో కట్టుకుంటే చాలు. ఒక చోట కాదన్నారని అదే వారంలో ఐదు చోట్ల దరఖాస్తులు మాత్రం పెట్టవద్దు.

సెటిల్‌మెంట్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. "సగం కట్టండి, వదిలేస్తాం" అనే ఫోన్ వస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కానీ రిపోర్టులో ఆ అప్పు పూర్తిగా తీరినట్టు రాదు, సెటిల్ అయినట్టు వస్తుంది. రేపు అప్పు ఇచ్చేవాళ్లు దాన్ని ఇచ్చినవాళ్లకు వచ్చిన నష్టంగానే చదువుతారు. ఆలస్యంగానైనా మొత్తం కట్టగలిగితే అదే మంచిది. నిజంగా వేరే దారి లేకపోతే సెటిల్‌మెంట్ తప్పు కాదు, తిండి మానేసి స్కోరు కాపాడుకోమని నేను చెప్పను. ఏ దారైనా కాగితం మీద రాయించుకోండి, ఇక బాకీ లేదని లేఖ తీసుకుని దాచుకోండి.

డబ్బిస్తే నెలలో స్కోరు పెంచేస్తామనేవాళ్లను నమ్మకండి. తప్పుగా పడిన వివరం మీరే ఉచితంగా సరిచేయించుకోవచ్చు. నిజంగా జరిగినదాన్ని చెరిపే హక్కు ఎవరికీ లేదు. ఆలస్యపు వాయిదా అమెరికాలో ఏడేళ్లు, బ్రిటన్‌లో ఆరేళ్లు రిపోర్టులో ఉంటుంది. అన్నేళ్లూ దాని బరువు ఒకేలా ఉండదు. పైన మంచి నెలలు చేరేకొద్దీ తగ్గుతూ వస్తుంది.

సిబిల్ రిపోర్టులో ప్రతి అప్పు కింద నెలకో గడి ఉంటుంది. ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ అంకె అందులో వేస్తారు, ఆలస్యం లేకపోతే మూడు సున్నాలు. నేనూ నా స్నేహితుడూ కూర్చుని లెక్క చూసుకుని, ఇద్దరం కలిసి ఆ బాకీ కడుతూ వచ్చాం. ఒక నెల రిపోర్టు తెరిస్తే ఆ అప్పు కింద మళ్లీ మూడు సున్నాలు కనిపించాయి. అది ఫోటో తీసి అతనికి పంపాను. "ఇప్పుడే చూశాను రా, వచ్చే నెలది కూడా పక్కన పెట్టేశాను" అని వెంటనే ఫోన్ చేశాడు.