పార్కిన్సన్స్ వచ్చాక తోడు ఎవరు?

శ్రోతలకు నమస్కారం.

పార్కిన్సన్స్ అని డాక్టరు తేల్చి చెప్పాక చాలా ఇళ్లలో మొట్టమొదట తీసుకునే నిర్ణయం ఎవరికీ చెప్పకూడదని. అమ్మాయి పెళ్లి కుదరాలని కొందరు, ఆఫీసులో తెలిస్తే చులకనవుతామని కొందరు దాస్తారు. చెయ్యి వణికితే తాగుడు అలవాటుందనుకుంటారని మరికొందరి భయం. ఇది అంటువ్యాధి కాదు. ఎక్కువమందిలో వంశపారంపర్యంగా వచ్చేదీ కాదు. అయినా ఆ మనిషి పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేస్తాడు, వణికే చేతిని జేబులో దాచుకుంటాడు, కొన్నాళ్లకు గడప దాటడు. జబ్బు చేసే నష్టానికి ఈ దాపరికం ఎంతో నష్టాన్ని జోడిస్తుందని నా గట్టి నమ్మకం. అందుకే ఈ రోజు, ఇదే జబ్బుతో బతుకుతున్న మరో మనిషిని వెతుక్కోవడం గురించి మాట్లాడతాను.

మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల ఈ జబ్బు వస్తుంది. కదలికలు మందగిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి, చాలామందికి వణుకు ఉంటుంది. ఇంతవరకు డాక్టరు చెబుతారు. కానీ గుమ్మం దగ్గరకు రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతే ఏం చేయాలో, అదే గుమ్మం దగ్గర పదిసార్లు ఆగిపోయినవారు చెప్పినంత బాగా ఇంకొకరు చెప్పలేరు. "నేల మీద అడ్డంగా రంగు టేపు అంటించండి, ఆ గీతను దాటుతున్నట్టు అడుగు వేయండి" అంటారు వాళ్లు. చాలామందికి ఇది పనిచేస్తుంది. చేతిరాత చిన్నదైపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. దానివల్ల బ్యాంకులో పాత సంతకం కలవక పింఛను డబ్బు తీసుకోవడం ఇబ్బందవుతుంది. కొత్త సంతకం ముందుగానే నమోదు చేయించుకోమని చెప్పేదీ తోటివారే. పప్పు, పెరుగు, గుడ్డు వంటి వాటిలోని ప్రొటీను కొందరిలో ఈ జబ్బుకు ఇచ్చే లెవోడోపా మాత్రకు అడ్డుపడుతుంది. మాత్రకూ భోజనానికీ మధ్య ఎంత వ్యవధి ఉండాలో డాక్టరును అడిగి తెలుసుకోమని గుర్తుచేసేదీ వాళ్లే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో పార్కిన్సన్స్ కూడా ఉందన్న సంగతి మన దగ్గర ఎంతమందికి తెలుసు? ధ్రువపత్రం కోసం తిరిగినవారికి తెలుసు.

ఇక ముఖం సంగతి. ఈ జబ్బులో ముఖ కండరాలు బిగుసుకుని, నవ్వు వచ్చినా పైకి కనిపించదు. భార్య ఏదో చెబుతుంటే భర్త రాయిలా చూస్తుంటాడు. ఆయనకు తన మీద విసుగు పుట్టిందని ఆమె లోలోపల కుమిలిపోతుంది. మరో ఇల్లాలు "మా ఇంట్లోనూ ఇంతేనమ్మా, అది కోపం కాదు, జబ్బు" అన్న రోజున ఆమె గుండె మీది బరువు దిగుతుంది. అందుకే రోగులతో పాటు, వారిని చూసుకునేవారు విడిగా కూర్చుని మాట్లాడుకోవడం చాలా అవసరం. రాత్రి నిద్ర లేని మనిషి తన అలసటను రోగి ముందు చెప్పుకోవడం కష్టం కదా.

1969లో బ్రిటన్‌లో పార్కిన్సన్స్ సంఘాన్ని స్థాపించిన మాలీ జెంకిన్స్ కూడా రోగి కాదు, రోగి తోబుట్టువు. మన దేశంలో ముంబయి కేంద్రంగా 2001లో పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ మొదలైంది. అది చాలా ఊళ్లలో సహాయ కేంద్రాలు నడుపుతోంది. పుణేలోనూ రోగులూ, వారి కుటుంబాలూ కలిసి నడుపుకునే బృందం ఉంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మొదటిసారే పెద్ద సమావేశానికి వెళితే, జబ్బు బాగా ముదిరినవారిని చూసి భయపడి వెనుదిరిగేవారుంటారు. ఈ జబ్బు అందరిలో ఒకే వేగంతో, ఒకే తీరులో నడవదు. ముందు మీ వయసుకూ మీ దశకూ దగ్గరగా ఉన్న ఒక్కరిని కలవండి. మాటలు పంచుకోండి గానీ మాత్రలు మాత్రం పంచుకోవద్దు. పక్కవారికి కుదిరిన మోతాదు మీకు హాని చేయవచ్చు. డాక్టరుకు చెప్పకుండా మందు ఆపేయడం మరీ ప్రమాదం.

మీ ఊళ్లో బృందమేదీ లేకపోతే నాలుగు కుటుంబాలతో మొదలుపెట్టవచ్చు. మెట్లు లేని చోటు చూడండి, మరుగుదొడ్డి దగ్గరలో ఉండాలి. గ్రంథాలయం గది చాలు, అపార్ట్‌మెంటు కింది హాలైనా చాలు. ఉదయం మాత్ర పనిచేసే వేళకు సమయం పెట్టుకోండి. ఈ జబ్బులో గొంతు సన్నబడుతుంది కాబట్టి, వచ్చినవారంతా తలా ఒక వేమన పద్యం గొంతెత్తి చదవండి. గట్టిగా పలకడం గొంతుకు మంచి వ్యాయామం.

ఆ నాలుగు కుటుంబాలు ఎలా దొరుకుతాయంటారా? రోగుల ఫోను నంబర్లు డాక్టరు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అయితే ఒక కాగితం మీద మీ పేరు, నంబరు రాసి, "ఇలాంటి జబ్బుతో వచ్చినవారు నాతో మాట్లాడాలనుకుంటే ఇది ఇవ్వండి" అని న్యూరాలజిస్టు దగ్గరా, ఫిజియోథెరపిస్టు దగ్గరా ఉంచి రండి. ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడే ఆ పని చేయండి.

నమస్కారం.