టైర్లు మారిస్తే మైలేజ్ నిజంగా పడిపోతుందా?

(చిన్న కార్ల యజమానులు, క్యాబ్ డ్రైవర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో టైర్ల షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాట వినిపించక మానదు: "పెద్ద టైర్లు వేయించానండీ, లీటరుకి కిలోమీటరు పడిపోయింది." ఆ మాట అనేవాళ్లు అబద్ధమాడరు. ఆడేది బండిలో కిలోమీటర్లు చూపే మీటరు. అందులో మీటరు తప్పెంత, నిజంగా కాలిన పెట్రోలెంత అన్నది తేల్చుకుందాం.

ఆల్టో కె10 తీసుకోండి. కంపెనీ ఇచ్చే టైరు 145/80 ఆర్13. వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో నూటికి 80, అంటే 116. రిమ్ము 13 అంగుళాలు, అంటే 330 మిల్లీమీటర్లు. కింద గోడ, పైన గోడ, మధ్యలో రిమ్ము కలిపితే ఎత్తు 562. దీని బదులు వ్యాగన్ఆర్‌కి వచ్చే 155/80 ఆర్13 ఎక్కించారనుకుందాం. ఎత్తు 578. పెరిగింది 16 మిల్లీమీటర్లే, నూటికి 3 కూడా నిండదు.

కానీ మీటరుకి రోడ్డు కనపడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చూసి, ఒక్కో చుట్టుకీ పాత టైరు చుట్టుకొలతే వేసుకుంటుంది. మీరు నిజంగా 400 కిలోమీటర్లు నడిపితే అది 389 చూపిస్తుంది. పట్టిన పెట్రోలు 20 లీటర్లయితే అసలు మైలేజ్ 20, మీ లెక్కలో 19.4. ఒక్క చుక్క ఎక్కువ కాలకుండానే కాగితం మీద 0.6 పోయింది.

ఇంకో మెలిక ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. కొత్త టైర్లు ఎప్పుడు వేయిస్తాం? పాతవి అరిగిపోయాక. గాడి లోతు 7 మిల్లీమీటర్ల నుంచి 2కి వచ్చిన టైరు ఎత్తు 562 ఉండదు, 552కి దిగుతుంది. అది చిన్నది కాబట్టి మీటరు ఇన్నాళ్లూ ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తూ వచ్చింది. 552 నుంచి ఒక్కసారిగా 578కి వెళ్తే తేడా నూటికి 5కి దగ్గర. మీటరు ప్రకారం 20 వచ్చేది 19 అవుతుంది. షాపు ముందు వినపడే "కిలోమీటరు పడిపోయింది"లో పెద్ద వాటా ఇదేనని నా అభిప్రాయం.

అలాగని అసలు నష్టమే లేదనను. టైరు నేలకి ఆనినచోట రబ్బరు నలుగుతుంది, పైకి లేచాక మళ్లీ సాగుతుంది. నలగడానికి తీసుకున్న శక్తినంతా అది తిరిగివ్వదు, కొంత వేడిగా పోతుంది. దూరం నడిపి ఆపాక టైరు మీద చెయ్యి వేయండి, ఆ వెచ్చదనంలో మీ పెట్రోలు కొంత ఉంది. కొత్త టైరులో నలిగే రబ్బరు ఎక్కువ కాబట్టి, అదే సైజు వేయించినా మొదట్లో మైలేజ్ కాస్త తగ్గుతుంది. టైరు దొర్లేటప్పుడు ఇలా శక్తి పోవడాన్నే దొర్లే నిరోధం అంటారు. అది నూటికి 10 తగ్గితే ఇంధనం 1 నుంచి 2 శాతం ఆదా అవుతుందని అమెరికా రవాణా పరిశోధన మండలి 2006లో లెక్కకట్టింది. వెడల్పు టైరు కాబట్టి పెట్రోలు తాగేస్తుందనడం సగమే నిజం. రబ్బరు మిశ్రమం, లోపలి అల్లిక అంతకన్నా ఎక్కువ తేడా తెస్తాయి. వెడల్పు వల్ల గాలి అడ్డు పెరిగేది హైవే వేగంలోనే. అందుకే సైజు ఒక్కటే అడగొద్దు, టైరు మీద బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) స్టార్ లేబుల్ ఉందేమో కూడా చూడండి. ఆ స్టార్లు ఈ నిరోధాన్ని బట్టే ఇస్తారు.

బరువు సంగతి. చక్రం అంచున పెరిగిన కిలో, వేగం అందుకునేటప్పుడు రెండు కిలోలతో సమానం. అలాయ్ అనగానే తేలికేనని నమ్మకండి, పెద్ద సైజు అలాయ్ చిన్న స్టీలు రిమ్ము కన్నా బరువుండొచ్చు. చక్రానికి 2 కిలోల చొప్పున పెరిగిందనుకున్నా, మొత్తం మీద నాలుగేళ్ల పిల్లాణ్ణి అదనంగా ఎక్కించుకున్నంతే. బెంజ్ సర్కిల్ దగ్గర ఆగి ఆగి కదిలేటప్పుడు కాస్త తెలుస్తుంది గానీ, జనం భయపడేంత కాదు.

గేర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. టైరు ఎత్తు పెరిగితే అదే వేగానికి ఇంజను తక్కువ తిరుగుతుంది. హైవేలో మంచిదే, తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరులో పోయే బండిని రెండోదానికి దించాల్సి వస్తుంది. నూటికి 3 పెద్దగా తెలియదు. పాత ఆల్టో 800కి 145/80 ఆర్12 తీసి, రిమ్ములు మార్చి 155/80 ఆర్13 వేస్తే ఎత్తు 537 నుంచి 578కి, నూటికి 7 పైనే. బండి మొద్దుబారుతుంది. స్టీరింగు తిప్పినప్పుడు టైరు లోపల రాసుకోవచ్చు. మీటరులో 80 ఉంటే అసలు వేగం 86 దాకా పోవచ్చు. స్పీడు కెమెరాకి మీ మీటరుతో పనిలేదు. నన్నడిగితే ఆ బండికి ఆ పని వద్దంటాను.

నమ్మకం కుదరకపోతే మీరే కొలవండి. మొదటా చివరా ఒకే బంకులో, పంపు దానంతటదే ఆగేదాకా (ఆటోకట్) ఫుల్ ట్యాంకు కొట్టించండి. ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని తిరిగి, అది చూపే దూరాన్ని ట్రిప్ మీటరు దూరంతో భాగించండి. 1.03 వస్తే మీ మైలేజ్ లెక్కని 1.03తో గుణించాలి. ఆ తర్వాత కూడా తగ్గినట్టు కనిపిస్తే ముందు గాలి చూడండి. నాలుగు టైర్లలోనూ గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ తగ్గితే మైలేజ్ 0.2 శాతం పోతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఎంత రాసి ఉంటే అంత, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి.

నైట్రోజన్ పట్టిస్తే మైలేజ్ పెరుగుతుందా అని ఎవరో చీటీ పంపారు. మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్ అండీ. టైరులో ఒత్తిడి అంతే ఉన్నప్పుడు మైలేజ్ కూడా అంతే. నైట్రోజన్ కొంచెం నెమ్మదిగా దిగుతుంది, నెలకోసారైనా గాలి చూసుకునేవాళ్లకి దానికి డబ్బులు పెట్టక్కర్లేదు. తర్వాతి చీటీ ఇవ్వండి.