తాజా రక్తమే కావాలా?

శ్రోతలకు నమస్కారం.

బ్లడ్ బ్యాంకులో పనిచేసే మాకు రోజూ వినిపించే మాట ఒకటుంది: "డాక్టరుగారూ, అప్పుడే తీసిన తాజా రక్తం ఇప్పించండి." కళ్ల ముందు అయినవారు బాధపడుతుంటే ఎవరైనా అలాగే అడుగుతారు. కానీ చాలామంది రోగులకు కావలసింది మొత్తం రక్తం కాదు, అందులో ఒక భాగమే. ఒంట్లో ఎర్రకణాలు సరిగా తయారుకాని పుట్టుకతో వచ్చే జబ్బు, తలసేమియా ఉన్న బిడ్డకు కొన్ని వారాలకొకసారి ఎర్రకణాలు ఎక్కించాలి. వాటితోపాటు రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా కూడా పోస్తే ఆ చిన్న గుండె మీద లేనిపోని భారం.

దాత నుంచి తీసుకునేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. సన్నని గొట్టాలతో కలిపిన సంచులను సెంట్రిఫ్యూజ్ యంత్రంలో పెట్టి మొదట కాస్త నెమ్మదిగా తిప్పుతాం. బరువైన ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి. లేత పసుపు రంగు ప్లాస్మా, రక్తస్రావాన్ని ఆపే చిన్న కణాలైన ప్లేట్‌లెట్లతో సహా పైన నిలుస్తుంది. దాన్ని పక్క సంచిలోకి పంపి, ఈసారి మరింత వేగంగా తిప్పితే ప్లేట్‌లెట్లూ అడుగున చేరతాయి. ఇంత జరిగినా బయటి గాలి లోపలికి పోదు.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా అనిపించేది ప్లాస్మా కథ. గడ్డకట్టించిన ప్లాస్మాను చలిలోనే మెల్లగా కరిగిస్తే అడుగున తెల్లని మడ్డి మిగులుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జూడిత్ గ్రాహమ్ పూల్ ఆ మడ్డిని పరీక్షించారు. హిమోఫిలియా రోగుల్లో లోపించే, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ఎనిమిదో కారకం అందులో దండిగా ఉందని 1964లో ప్రకటించారు. అంతకుముందు రక్తస్రావం ఆపడానికి బోలెడంత ప్లాస్మా ఎక్కించవలసి వచ్చేది. ఆ తరువాత చిన్న సంచి చాలింది. మా దగ్గర దాన్ని క్రయో అంటాం.

వేరుచేసిన ప్రతి భాగానికీ దాని ఆయుష్షు ఉంది. ప్లాస్మా మైనస్ 30 డిగ్రీల చలిలో ఏడాది నిలుస్తుంది. ఎర్రకణాలు 2 నుంచి 6 డిగ్రీల మధ్య, సంచిలో కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు ఉంటాయి. ప్లేట్‌లెట్లను మాత్రం 22 డిగ్రీల దగ్గర, ఆగకుండా ఊగే అరల మీద ఉంచుతాం. అయినా 5 రోజులే. డెంగీ వచ్చిన ప్రతివారికీ అవి అక్కరలేదు. రక్తస్రావం మొదలైనవారికి మాత్రం వెంటనే కావాలి. అప్పటికప్పుడు దాత దొరికినా పరీక్షలు, వేరుచేయడం పూర్తయ్యేసరికి గంటలు గడిచిపోతాయి. అందుకే వానాకాలంలో ఎవరూ అడగకముందే వచ్చి రక్తం ఇచ్చేవారి కోసం మేము ఎదురుచూస్తాం. సోమవారం ఒకరు ఇస్తే, ఆ ప్లేట్‌లెట్లు శనివారంలోగా ఎవరినో ఆదుకోవాలి. అదే దాత ఎర్రకణాలు ఫ్రిజ్‌లో మరికొన్ని వారాలు ఉంటాయి, తలసేమియా బిడ్డ మళ్లీ వచ్చే రోజు వరకు.